బీఎస్సీ ఫిజిక్స్ నుంచి ఎంఎస్సీ, పీహెచ్‌డీ వైపు: మార్కులు వస్తున్నా లెక్కలు ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు చిత్తూరు దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నారు. ఇంటర్ దాకా చదివింది తెలుగు మాధ్యమంలో. సెమిస్టర్ పరీక్షల్లో ఎనభై శాతానికి తగ్గకుండా మార్కులు వస్తున్నాయి. కానీ ఐఐటీల ఎంఎస్సీ ప్రవేశానికి రాసే జామ్ పరీక్ష పాత ప్రశ్నపత్రం ఒకటి తెచ్చుకుని కూర్చుంటే పది ప్రశ్నలు కూడా కాలేదు. ఐఐటీలోనో, విజ్ఞానశాస్త్ర విద్యకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర సంస్థ ఐసర్‌లోనో పై చదువు చదివి పరిశోధన వైపు వెళ్లాలని మీకు ఉంది. ఇంట్లోవాళ్లేమో బీఈడీ చేసి డీఎస్సీ రాసుకోమంటున్నారు. తిరుపతిలో కోచింగ్‌లో చేరాలా అన్నది మీ చివరి ప్రశ్న.

నేను కూడా ఈ ప్రాంతంలోనే బీఎస్సీ చదివి, తిరుపతిలో ఎంఎస్సీ చేసి, వాతావరణ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేసి, ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ, పీజీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నవాడిని. మీ ఉత్తరంలో ఐఐటీ, కోచింగ్, బీఈడీ అన్నీ ఉన్నాయి గానీ నా చూపు ఆగింది ఒక్క వాక్యం దగ్గరే: ఎనభై శాతం వస్తోంది, పది లెక్కలు కావడం లేదు. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఎలా నిజమవుతున్నాయో తేల్చుకుంటే మిగిలిన ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

మన సెమిస్టర్ పరీక్ష ఎక్కువగా అడిగేది ‘సమీకరణమును రాబట్టుము’, ‘సిద్ధాంతమును వివరింపుము’ అనే తరహా ప్రశ్నలు. పరీక్షకు ముందు వచ్చే ముఖ్యమైన ప్రశ్నల జాబితా పట్టుకుని, ఒక్కో ఉత్పాదనను, అంటే సమీకరణాన్ని రాబట్టే తీరును, నాలుగైదు సార్లు రాసి చూసుకుంటే మార్కులు వస్తాయి. అందులో తప్పేమీ లేదు, ఆ శ్రమ వృథా కూడా కాదు. అయితే ఆ పరీక్ష కొలిచేది మీరు ఒక సమీకరణం దాకా వెళ్లగలరా అన్నది మాత్రమే. జామ్ గానీ, ఆ తరువాత పరిశోధన గానీ మొదలయ్యేది ఆ సమీకరణం చేతికి వచ్చిన తరువాత. అక్కడి నుంచి ముందుకు నడవడం మనకు మూడేళ్లలో ఎవరూ నేర్పరు, పరీక్షలో ఎవరూ అడగరు కాబట్టి మనమూ నేర్చుకోము.

ఒక ఉదాహరణ చూపిస్తాను. ఉష్ణగతికశాస్త్రంలో, పీడనం మారితే మరిగే ఉష్ణోగ్రత ఎంత మారుతుందో చెప్పే క్లాసియస్–క్లాపెరాన్ సమీకరణం మీరు చదివే ఉంటారు, పది మార్కులకు రెండు పేజీలు రాసి కూడా ఉంటారు. నేను తరగతిలో ఆ ఉత్పాదన పూర్తి చేసిన మరునాడు ఒక ప్రశ్న వేస్తుంటాను: తిరుమల కొండ మీద నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి? లెక్క సులువుగా ఉండడానికి సముద్రమట్టం నుంచి ఎత్తు వెయ్యి మీటర్లని అనుకోమంటాను. నిన్ననే సమీకరణం రాసుకున్న తరగతిలో చాలామంది కలాలు కదలవు. ‘సార్, సూత్రంలో పీడనం ఉంది, మీరు ఎత్తు ఇచ్చారు’ అంటారు. ఎత్తు నుంచి పీడనానికి వెళ్లే దారి కూడా వాళ్లకు తెలిసిందే. గాలి పీడనం పైకి వెళ్లేకొద్దీ ఘాతాంక ప్రమేయంగా తగ్గుతుందని అణుచలన సిద్ధాంతంలో చదివారు, కానీ అది వేరే యూనిట్, వేరే ఇంపార్టెంట్ ప్రశ్న.

చేసి చూద్దాం. పీడనం తగ్గే తీరుకు కొలమానంగా సుమారు 8.5 కిలోమీటర్లు తీసుకుంటే, వెయ్యి మీటర్ల ఎత్తున పీడనం దాదాపు 11 శాతం తగ్గుతుంది. రెండు పీడనాల నిష్పత్తికి సహజ సంవర్గమానం 0.118 వస్తుంది. నీటి బాష్పీభవన గుప్తోష్ణం మోలుకు 40.7 కిలోజౌళ్లు, వాయు స్థిరాంకం 8.314, మరిగే ఉష్ణోగ్రత 373 కెల్విన్లు. ఉష్ణోగ్రత వర్గాన్ని వాయు స్థిరాంకంతో గుణించి గుప్తోష్ణంతో భాగిస్తే 28.4 కెల్విన్లు, దానిని 0.118తో గుణిస్తే 3.3. అంటే కొండ మీద నీళ్లు వంద డిగ్రీలకు కాక 97కు కాస్త ఇటుగా మరుగుతాయి. ఇంత చిన్న లెక్కలో మీరు రెండు యూనిట్లను కలిపారు, ఆవిరిని ఆదర్శ వాయువుగా భావించారు, ద్రవం ఘనపరిమాణాన్ని వదిలేశారు, గుప్తోష్ణం ఉష్ణోగ్రతతో మారదని ఊహించారు. ఈ మూడు ఉజ్జాయింపుల్లో ఏది ఎంత తప్పు తెస్తుందో కూడా చెప్పగలిగితే ఆ సమీకరణం మీకు వచ్చినట్టు. రెండు పేజీల ఉత్పాదన అప్పజెప్పడాన్ని నేను రావడం కింద లెక్కించను.

కాబట్టి మీ చదువు పద్ధతిలో నేను సూచించే మార్పు ఒక్కటే. ఏ ఉత్పాదన చదివినా దాని వెంట అంకెలు వేసి చేసే లెక్క ఒకటైనా, రెండు పాఠాలను కలిపే లెక్క ఒకటైనా చేయండి. వారానికి ఎనిమిది, పది లెక్కలు చాలు. అయితే జవాబు వైపు చూడకుండా కనీసం నలభై నిమిషాలు దానితో కుస్తీ పట్టాలి. చేయలేకపోయిన లెక్కలను ఒక విడి నోటుపుస్తకంలో రాసుకుని, ఎక్కడ ఆగిపోయారో ఒక వాక్యంలో గుర్తు పెట్టుకోండి. నెల తరువాత ఆ పుస్తకం తిరగేస్తే మీకు రానిది భౌతికశాస్త్రమా, గణితమా, లేక ప్రశ్నను సరిగ్గా చదవడమా అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. నా అనుభవంలో మూడింట రెండు వంతులు గణితం దగ్గరే తేలుతుంది. పాక్షిక అవకలనాలు, సదిశా కలనం, మాత్రికల ఐగెన్ విలువలు, సాధారణ అవకలన సమీకరణాలు, ఫోరియర్ శ్రేణి: ఈ ఐదింటి మీద చేయి తిరిగితే యాంత్రికశాస్త్రం, విద్యుదయస్కాంతత్వం, క్వాంటం యాంత్రికశాస్త్రం మూడూ ఒకేసారి తేలికపడతాయి.

గణితం మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మన రాష్ట్రంలో 2023–24 నుంచి ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) విధానం వచ్చిన తరువాత, పాత మూడు సబ్జెక్టుల పద్ధతిలో లాగా గణితం దానంతటది వెంట రావడం లేదు. ఫిజిక్స్ మేజర్‌కు తోడు మైనరుగా సులువని వేరేదో తీసుకున్నవాళ్లను చూశాను. ఎంఎస్సీ ఫిజిక్స్‌కు చాలా సంస్థలు డిగ్రీలో కనీసం ఏడాది పాటు గణితం చదివి ఉండాలని అడుగుతాయి. మీ మైనరు గణితమైతే సరే. కాకపోతే ఈ వారమే మీ విభాగాధిపతిని కలిసి ఏం చేయగలరో కనుక్కోండి. దీనిని చివరి సంవత్సరానికి వాయిదా వేయవద్దు.

ఏ పుస్తకాలు చదవాలని మీరు అడగలేదు గానీ తరువాత తప్పకుండా అడుగుతారు. ఐఐటీలు, ఐసర్లు తమ కోర్సుల పాఠ్యప్రణాళికలను వెబ్‌సైట్లలో పెడతాయి, ప్రతి కోర్సు కింద పాఠ్యపుస్తకాల పేర్లు ఉంటాయి. ఒక్కో విషయానికి ఒక్కటే పుస్తకం ఎంచుకుని, దాని అధ్యాయాల చివరి లెక్కలు చేయండి. పది పుస్తకాల పీడీఎఫ్‌లు ఫోనులో దాచుకున్న విద్యార్థి ఒక పుస్తకం పూర్తి చేయడం నేను ఇంకా చూడలేదు. అర్థం కాని చోట ఆన్‌లైన్‌లో దొరికే ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు వినండి, కానీ వినడాన్ని చదవడం కింద జమ వేసుకోవద్దు.

ఇక ప్రయోగశాల. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీరు అసలు ప్రస్తావించనిది ఇదే.

నేను పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం, బల్లకు అవతల ఉన్న పెద్దాయన నా డిగ్రీ ప్రయోగాల గురించి అడిగారు. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కున్నానని చెప్పాను. ఎంత వచ్చిందన్నారు. 9.81 అని ఠక్కున చెప్పాను. ‘ఎక్కడ చేశారు?’ అన్నారు. చిత్తూరు జిల్లా అన్నాను. ఆయన నవ్వి, కాగితం మీద అక్షాంశం వేసి లెక్క కట్టమన్నారు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్లా, ధ్రువాల దగ్గర కొంత నొక్కుకుని ఉండడం వల్లా గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు. అక్షాంశంతో ఈ విలువ ఎలా మారుతుందో చెప్పే సూత్రంలో వేస్తే 9.783 వస్తుంది. 9.81 దాదాపు యూరప్ అక్షాంశాల విలువ. ‘మీ ఊళ్లో ఈ విలువ మూడు దశాంశాల దాకా సరిచూసుకునే పరికరం మీ కళాశాలలో ఉండి ఉండదు, అయినా మీకు ఖచ్చితంగా 9.81 ఎలా వచ్చింది?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎలా వచ్చిందో మీకూ తెలుసు: ఎన్ని సెకన్లు రావాలో ముందే వెనక్కి లెక్కగట్టి రీడింగులు వండాను. మా బ్యాచ్‌లో అందరమూ అదే చేశాం. ఆ ఏడు నాకు అక్కడ సీటు రాలేదు.

అప్పటి నుంచి నా విద్యార్థులతో ప్రతి ఏడాది మొదటి ప్రయోగంగా ఇదే చేయిస్తాను, ఒక షరతుతో: జవాబు పక్కన దోషం రాయకపోతే రికార్డులో సంతకం పెట్టను. ఒక నిజమైన లెక్క ఇలా ఉంటుంది. దారం పొడవు, గుండు కేంద్రం దాకా, ఒక మీటరు. కొలవడంలో రెండు మిల్లీమీటర్ల తేడా ఉండవచ్చు. ఇరవై డోలనాలకు 40.2 సెకన్లు, స్టాప్‌క్లాక్ నొక్కడంలో చేతి ఆలస్యం 0.2 సెకను. ఆవర్తన కాలం 2.01 సెకన్లు, గురుత్వ త్వరణం 9.77. పొడవులో దోషం 0.2 శాతం. కాలంలో దోషం 0.5 శాతం, కానీ సూత్రంలో కాలం వర్గంగా ఉంది కాబట్టి అది రెట్టింపై ఒక శాతం అవుతుంది. రెండూ స్వతంత్ర దోషాలు కాబట్టి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే ఒక శాతానికి కాస్త పైన. కాబట్టి రాయవలసింది 9.77, దానికి అటూ ఇటూ 0.10. ఈ జవాబులో 9.78 ఉంది, 9.81 కూడా ఉంది. ఈ పరికరంతో ఆ రెండింటినీ విడదీసి చెప్పలేము. అలా చెప్పలేమని చెప్పడమే ఆ ప్రయోగానికి సరైన ముగింపు.

ఇక్కడి నుంచి ప్రశ్నలు పుట్టాలి. ఇరవైకి బదులు వంద డోలనాలు లెక్కపెడితే చేతి ఆలస్యం వాటా ఐదో వంతుకు తగ్గుతుంది, అప్పుడు పొడవు దోషం దానికి సమానమవుతుంది, ఇక స్కేలు కూడా మార్చాలి. గుండును 30 డిగ్రీల దాకా లాగి వదిలితే? అల్ప కంపనాల సూత్రం చెప్పే దానికన్నా ఆవర్తన కాలం 1.7 శాతం ఎక్కువ ఉంటుంది, గురుత్వ త్వరణం మూడు శాతానికి పైగా తక్కువ వస్తుంది. ఎన్నిసార్లు కొలిచి సరాసరి తీసినా ఈ తప్పు పోదు. మీకు కొంచెం పైథాన్ వస్తే ఆ 1.7 శాతాన్ని కంప్యూటర్ మీద మీరే రాబట్టవచ్చు, ముప్పై వరుసలకు మించని ప్రోగ్రామ్. ఒక దారం, ఒక గుండు, ఒక ఫోను. పరికరాలు లేవన్న ఫిర్యాదు ఇక్కడ చెల్లదు. కళాశాలలో ప్రాక్టికల్స్ సెమిస్టర్ చివరి నెలలో హడావుడిగా చుట్టేస్తారని నాకు తెలుసు. అయినా ఆ పదో పన్నెండో ప్రయోగాల్లో రెండింటినైనా ఇలా చివరికంటా చేసిన విద్యార్థి ఇంటర్వ్యూలో అరగంట తడబడకుండా మాట్లాడగలడు.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను, వివరాలు ప్రకటనల్లో దొరుకుతాయి. జామ్ మామూలుగా ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు ముందు సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలో 30 ప్రశ్నలకు ఒక్కటే సరైన జవాబు, తప్పు రాస్తే మార్కులో మూడో వంతు పోతుంది. రెండో భాగంలో 10 ప్రశ్నలకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండవచ్చు. అన్నీ గుర్తిస్తేనే మార్కులు. మూడో భాగంలో 20 ప్రశ్నలకు ఎంపికలే ఉండవు, సంఖ్య లెక్కగట్టి టైపు చేయాలి. మార్కుల్లో సగం ఉండేది ఈ చివరి రెండు భాగాల్లోనే, వాటిలో తప్పుకు కోత లేదు. ఊహించి గుర్తుపెట్టే అలవాటు వాటి దగ్గర పనిచేయదు. ఎలక్ట్రానిక్స్, ఘనస్థితి భౌతికశాస్త్రం చిన్న భాగాలని మనవాళ్లు వదిలేస్తారు. నిజానికి తక్కువ శ్రమతో మార్కులు తెచ్చిపెట్టేవి అవే.

ఐఐటీల ఎంఎస్సీతో పాటు బెంగళూరు ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా జామ్ ర్యాంకు పనికివస్తుంది. మన పక్కనే ఏర్పేడులో ఉన్న ఐఐటీ తిరుపతిలోనూ ఎంఎస్సీ ఫిజిక్స్ ఉంది. సిద్ధాంత భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం మీద మనసుంటే పరిశోధన సంస్థలు కలిసి పెట్టే జెస్ట్, ముంబైలోని టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ ప్రవేశ పరీక్ష కూడా రాయండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్లకు సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్. వీటన్నిటికీ వేర్వేరుగా సిద్ధం కానక్కర్లేదు. జామ్‌కు సరిగ్గా తయారైనవాళ్లు మిగతా వాటికి ప్రశ్నల తీరు తెలుసుకుంటే సరిపోతుంది.

కోచింగ్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. రెండో సంవత్సరంలో చేరవద్దు. కోచింగ్ ఇచ్చేది వేగం, ప్రశ్నల నమూనాలు, ఒక వేళాపాళా. మీకు ఇప్పుడు కావలసింది వేగం కాదు. ఇప్పుడే చేరితే సెమిస్టర్‌కు ఉత్పాదనలు బట్టీ పట్టినట్టే అక్కడ షార్ట్‌కట్లు బట్టీ పడతారు. మూడో సంవత్సరం మొదట్లో, పాత పత్రాల్లో సగం ప్రశ్నలు సొంతంగా చేయగలిగే స్థితిలో ఉండి, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది లేకపోతే నాలుగైదు నెలలు వెళ్లండి. ఇబ్బంది ఉంటే, ముగ్గురు నలుగురు స్నేహితులు ఆదివారం ఉదయం కూర్చుని గడియారం పెట్టుకుని పాత పత్రం రాసి, మధ్యాహ్నం ఒకరి తప్పులు ఒకరు దిద్దుకోండి. మేము గోవిందరాజస్వామి గుడి వెనుక వీధిలో ఒక అద్దె గదిలో అలాగే చదువుకున్నాం. మాలో ఇద్దరు ఇప్పుడు శాస్త్రవేత్తలు, ఒకాయన బ్యాంకు మేనేజరు. అందరమూ ఆ గదిలో నేర్చుకున్న లెక్కలు ఇప్పటికీ గుర్తు చేసుకుంటుంటాం, బ్యాంకాయన కాస్త ఎక్కువగా.

మీరు ఉన్న చోటు చదువుకు వెనుకబడిన చోటని అనుకుంటున్నట్టు మీ ఉత్తరంలో ధ్వనించింది. భౌతికశాస్త్రం వరకు అది నిజం కాదు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో స్పెక్ట్రోస్కోపీ, పలుచని పొరలు, పై వాతావరణం మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. 2015 నుంచి ఐఐటీ, ఐసర్ రెండూ తిరుపతికి వచ్చాయి. అన్నిటికన్నా ముందు నేను గాదంకి పేరు చెబుతాను. తిరుపతికి దగ్గర్లోనే ఉన్న ఆ ఊళ్లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, పై వాతావరణాన్ని పరిశీలించే అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్‌జ్‌ల దగ్గర పనిచేస్తుంది. 1024 యాగీ యాంటెన్నాలు దాదాపు 130 మీటర్ల భుజం గల చతురస్రంలో నిలబడి ఉంటాయి. పౌనఃపున్యం నుంచి తరంగదైర్ఘ్యం మీరే లెక్కగట్టండి, 5.66 మీటర్లు వస్తుంది. ఈ రాడార్ తరంగాలను వెనక్కి పంపేది గాలిలో దానిలో సగం, అంటే 2.83 మీటర్ల పరిమాణంలో ఉండే వక్రీభవన గుణకపు హెచ్చుతగ్గులు. స్ఫటికంలో ఎక్స్ కిరణాలకు మీరు రాసే బ్రాగ్ నియమం ఇక్కడ ఆకాశంలో పనిచేస్తోంది. నాకు ఆ సంగతి డిగ్రీలో ఎవరైనా చెప్పి ఉంటే బ్రాగ్ నియమం ఇంకో విధంగా చదివేవాడిని. మీ అధ్యాపకుల చేత కళాశాల తరఫున లేఖ రాయించి, ముందుగా అనుమతి తీసుకుని ఒక బృందంగా వెళ్లి చూసి రండి. ఐఐటీ, ఐసర్‌లలో బయటివారిని రానిచ్చే ఉపన్యాసాలు ఏవైనా ఉంటే వాటికీ వెళ్లండి. మొదటి మూడు ఉపన్యాసాలు ఏమీ అర్థం కావు. నాలుగోదానిలో ఒక స్లైడు అర్థమవుతుంది.

అందువల్ల జామ్‌లో మంచి ర్యాంకు రాకపోతే చదువు ఆగిపోయినట్టు భావించవద్దు. ఎస్వీయూలోనో మరో రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనో ఎంఎస్సీ చేస్తూ, ఆ రెండేళ్లలో సీఎస్ఐఆర్ నెట్, గేట్, జెస్ట్‌లకు తయారై మంచి సంస్థల్లో పీహెచ్‌డీలో చేరినవాళ్లు మా దగ్గర ఏటా ఒకరిద్దరైనా ఉంటారు. ఎక్కడ చదివారన్నది పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాల సంగతి. ఆ తరువాత బోర్డు దగ్గర సుద్దముక్క చేతిలో పెడతారు.

వేసవి గురించి. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు కలిసి విద్యార్థులకు రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. దరఖాస్తుల గడువు మామూలుగా చలికాలంలోనే ముగుస్తుంది. మే నెలలో గుర్తొచ్చి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. అర్హత వివరాలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. అందులో మీరు ఏ పని చేయదలచుకున్నారో చిన్న వ్యాసం రాయాలి, ఒక అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. ‘చిన్నప్పటి నుంచి నక్షత్రాలంటే ఇష్టం’ అని మొదలుపెట్టవద్దు. చదివేవాళ్లు ఆ వాక్యాన్ని వందసార్లు చదివి ఉంటారు. లోలకం ప్రయోగంలో కోణం వల్ల వచ్చిన తప్పును మీరు ఎలా పట్టుకున్నారో రాయండి.

సిఫారసు లేఖ అనగానే మన విద్యార్థులు విభాగాధిపతి దగ్గరకు వెళ్తారు, ఆయన అందరికీ ఒకే లేఖలో పేరు మార్చి ఇస్తారు. అలాంటి లేఖ ఉన్నా లేకపోయినా ఒకటే. మీకు పాఠం చెప్పి, మీ ప్రశ్నలు విన్న అధ్యాపకులు చిన్నవారైనా సరే, వాళ్లను అడగండి. అడిగేటప్పుడు మీరు చేసిన రెండు మంచి పనులు, మీ మార్కులు, ఎక్కడికి దరఖాస్తు చేస్తున్నారన్నది ఒక పేజీలో రాసి ఇవ్వండి, కనీసం మూడు వారాల వ్యవధి ఇవ్వండి. వాళ్లకు మీ గురించి రాయడానికి ఏదైనా ఉండాలంటే ఇప్పటి నుంచే తరగతి అయ్యాక ఆగి ప్రశ్న అడగడం మొదలుపెట్టాలి.

తెలుగు మాధ్యమం గురించి మీరు కాస్త సిగ్గుపడుతూ రాశారు. జడత్వ భ్రామకం, కోణీయ ద్రవ్యవేగం, వివర్తనం లాంటి మాటలతో నేర్చుకున్నవాళ్లకు భావం స్పష్టంగా ఉంటుంది, ఇబ్బంది అంతా ఇంగ్లీషు వాక్యం దగ్గరే. దానికి నేను విద్యార్థుల చేత చేయించేది ఒక చిన్న పని. ఇంగ్లీషు పుస్తకంలో రోజుకు ఒకే పేజీ చదివి, పుస్తకం మూసి, ఆ పేజీలో ఉన్నది స్నేహితుడికి తెలుగులో చెప్పాలి. తరువాత అదే ఇంగ్లీషులో ఐదు వాక్యాల్లో రాయాలి. తెలుగులో చెప్పలేకపోతే మీకు భౌతికశాస్త్రం అర్థం కాలేదు. తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయలేకపోతే భాష ఒక్కటే అడ్డు. రెండింటికీ మందు వేరు. ఆరు నెలలకు ఆ ఐదు వాక్యాలు ఒక పేజీ అవుతాయి.

ఇంట్లో బీఈడీ చేయమనడం న్యాయమైన మాటే, దానిని తీసిపారేయవద్దు. మన జిల్లాలో డీఎస్సీ ఉద్యోగంతో నిలబడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ నాన్నగారి భయం బహుశా పరిశోధన మీద కాదు, ఇంకా ఆరేడేళ్లు మీ మీద ఖర్చు పెట్టాలేమో అన్నదాని మీద అయి ఉంటుంది. అందుకని ఆయనతో భౌతికశాస్త్రం గొప్పదనం గురించి మాట్లాడకుండా లెక్కలు మాట్లాడండి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చినవాళ్లకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీల్లో చాలావాటికి ఎంఎస్సీ దశ నుంచే ఉపకారవేతనం ఉంటుంది. ఇంటర్ బోర్డు మార్కుల్లో మొదటి ఒక శాతంలో ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకం కింద ఏడాదికి 80,000 రూపాయలు వస్తుంది. మీరు ఆ జాబితాలో ఉన్నారేమో, ఉంటే దరఖాస్తుకు ఇంకా వీలుందేమో ఒకసారి చూసుకోండి. ఇన్నేళ్లలోపు ఫెలోషిప్ రాకపోతే బీఈడీలో చేరతానని ఒక గడువు కూడా ఆయనకు చెప్పండి. గడువు పెట్టుకున్నందువల్ల మీ చదువుకేమీ నష్టం లేదు, ఇంట్లో గొడవ మాత్రం తగ్గుతుంది.

నాలుగో ఏడాది ఆనర్స్ చేయాలా వద్దా అన్నది మీరు అడగలేదు గానీ రేపు ఎదురవుతుంది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉన్నవాళ్లు ఎంఎస్సీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. అర్హత వేరు, సిద్ధంగా ఉండడం వేరు. మీ కళాశాలలో నాలుగో ఏడాది నిజంగా ప్రాజెక్టు చేయించే అధ్యాపకులు ఉంటే ఉండండి, లేకపోతే మూడేళ్లకే బయటపడి మంచి చోట ఎంఎస్సీలో చేరడం మేలు. అమెరికా వైపు చూసేవాళ్లకు మాత్రం లెక్క వేరు. అక్కడ బ్యాచిలర్స్ తరువాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు, కానీ చాలాచోట్ల నాలుగేళ్ల చదువు అడుగుతారు. మన మూడేళ్ల డిగ్రీ మీద ఎంఎస్సీ ఉంటే ఆ చిక్కు ఉండదు. ఆ దారి గురించి ఇప్పుడే తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో లోలకం కట్టండి. వంద డోలనాలు, మూడు వేర్వేరు పొడవులు, కోణం ఐదు డిగ్రీలకు మించకుండా. వచ్చిన సంఖ్య, దాని పక్కన మీరు లెక్కగట్టిన దోషం, ఆ దోషంలో ఎక్కువ భాగం దేనివల్ల వచ్చిందని మీరు అనుకుంటున్నారో ఇక్కడే రాయండి. 9.81 వస్తే రీడింగుల పేజీ ఫొటో కూడా పెట్టండి.